ఓటుకి ర్యాంపుంది, ఒంటికి లేదు

(శ్రీకాకుళంలో డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవం మీటింగులో మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట ఎలా ఉందో అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వినబడుతోందా వెనకాల? సరే. ముందు ఆ బాబుకి థాంక్స్, వాటర్ బాటిల్ తెచ్చి మూత కూడా తీసిచ్చాడు. కానీ నేను తాగను బాబూ, ఏమీ అనుకోకు. ఏ హాలుకి వెళ్లినా నేను చేసే మొదటి పని ఏటంటే బాత్రూం ఎక్కడుందో చూసుకోవడం. ఇక్కడా చూసొచ్చాను, వెనకాల ఉంది, మూడు మెట్లు, పట్టుకోడానికి ఏమీ లేదు, టైల్స్ మాత్రం అద్దంలా మెరిసిపోతున్నాయి. కాబట్టి మీటింగ్ అయ్యి ఇంటికెళ్లేదాకా నాకు దాహం వెయ్యదు. (నవ్వులు) నవ్వండి పర్లేదు. కానీ ఈ ముందు వరసలో కూర్చున్న మావాళ్లని అడగండి, పొద్దుట్నుంచి ఎంతమంది నీళ్లు తాగారో. ముఖ్యంగా ఆడవాళ్లని అడగండి. పెళ్లికెళ్లినా, ఆస్పత్రికెళ్లినా, వికలాంగ సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి వెళ్లి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా లైన్లో కూర్చున్నా ఇదే పద్ధతి, ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. తర్వాత మూత్రంలో మంట, జ్వరం, మళ్లీ ఆస్పత్రి, అక్కడ మళ్లీ మెట్లు.

నేను పెద్దగా చదువుకోలేదు, టెన్త్. నాది వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్లులు చేస్తాను, మూడు చక్రాల బళ్లు రిపేరు చేస్తాను, కొన్నేళ్ల నుంచి బాత్రూముల్లో పట్టుకునే రాడ్లు, కమోడ్ స్టూళ్లు కూడా చేస్తున్నాను. ఇంజనీరింగ్ అసిస్టెంట్లు, తాపీ మేస్త్రీలు వస్తున్నారు, మీరు మాట్లాడండి అని పిలిస్తే వచ్చాను. పిలిచినప్పుడు మమ్మల్ని ఏమని పిలవాలండీ, దివ్యాంగులనాలా, విభిన్న ప్రతిభావంతులనాలా అని అడిగారు. ఏదైనా పిలవండి బాబూ, మా వీధిలో ఇప్పటికీ కుంటోడి షాపు అంటేనే అడ్రస్ చెప్తారు. పేరు మార్చడానికి ఒక్క జీవో చాలు, మెట్టు మార్చడానికే సిమెంటు కావాలి.

ముందు నా కాలు సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ లెట్రిన్ గొడవకీ దానికీ సంబంధం ఉంది. నేను పుట్టింది 1974, నరసన్నపేట దగ్గర పల్లె. ఏడాదిన్నర అప్పుడు జ్వరమొచ్చిందంట, మా అమ్మ ఎత్తుకెళ్లి సూది వేయించింది, తెల్లారేసరికి కాలు పడిపోయింది. నా వయసు పోలియోవాళ్లని ఎవర్ని కదిపినా ఇదే కథ, సూదేశారు, కాలు పడిపోయింది. మా అమ్మ పోయేదాకా ఆ సూదేసినాయన్ని తిడుతూనే ఉంది. ఆ జ్వరంలో కండకి సూది వేస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందన్న మాట నిజమే, డాక్టర్లే చెప్తారు. కానీ అసలు జ్వరం తెచ్చింది సూది కాదు. పోలియో పురుగు పేగుల్లో పెరుగుతుంది, దొడ్డికెళ్తే బయటికొస్తుంది, అక్కణ్ణుంచి నీళ్లలో కలిసో, కడుక్కోని చేతి మీంచో ఇంకో గుంటడి నోట్లోకి పోతుంది. మా ఊళ్లో అప్పుడు ఒక్క లెట్రిన్ లేదు. ఊరంతా గెడ్డ వారకి వెళ్లేవారు, వేసవొస్తే అదే గెడ్డలో చెలమ తవ్వుకుని బిందెలతో నీళ్లు తెచ్చేవారు. ఇప్పుడు మీరే లెక్కేసుకోండి, ఊళ్లో లెట్రిన్ లేకపోబట్టి నా కాలు పోయింది, ఇప్పుడు ఊరంతా లెట్రిన్లు వచ్చాయి, ఆ కాలుతో నేను లోపలికి ఎక్కలేకపోతున్నాను.

దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో బెంగాల్లో హౌరా దగ్గర, 2014 మార్చిలో పోలియో పోయిందని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మంచిదే, మా మనవలకి రాదు. పోలియో పోయింది గానీ మేం మిగిలిపోయాం కదా, మాకింకా ఇరవై ముప్పై ఏళ్లు ఒంటికీ రెంటికీ వెళ్లాల్సిన పనుంది. (నవ్వులు)

బోదకాలు కూడా అలాంటిదే. మన కోస్తా ఊళ్లలో ఇది పాత చుట్టం. ఆ దోమ ఎక్కడ పెరుగుతుంది, మురుక్కాలవలో, నిండిపోయిన గుంటలో. మురుగు వల్ల వచ్చిన కాలుకి మళ్లీ మందేటంటే నీళ్లే. రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ల సందులు కూడా మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడవాలి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి, అలా చేస్తే జ్వరాలు, వాపులు తగ్గుతాయి. సరే, బోదకాలున్నావిడ ఎక్కడ కూర్చుని కడుక్కుంటుంది? అంత బరువు కాలేసుకుని గొంతుక్కూర్చోలేదు. ఒక అడుగున్నర ఎత్తు అరుగు, పక్కన చేతికందే కుళాయి ఉంటే చాలు. కుష్టు నయమైనవాళ్ల సంగతి ఇంకోటి, చాలామందికి చేతుల్లో కాళ్లలో స్పర్శ ఉండదు, వేణ్ణీళ్లు కాలుతున్నాయో లేదో తెలీదు, బొబ్బలెక్కాక చూసుకుంటారు. సాలూరులో ఫిలడెల్ఫియా లెప్రసీ హాస్పిటల్ ఉంది కదా, అలాంటి చోట్ల రోజూ కాలు నీళ్లలో నానబెట్టడం, గట్టి చర్మం గీకడం, నూనె రాయడం నేర్పి పంపిస్తారు. ఇంటికొచ్చాక ఆ పని చెయ్యడానికి జాగా ఉండాలా వద్దా?

ఇప్పుడు మన లెట్రిన్ల దగ్గరికొద్దాం. స్వచ్ఛ భారత్ 2014 అక్టోబర్ 2న మొదలైంది, ఇంటికి 12,000 ఇచ్చారు. ఆ డబ్బులు ఎవరికివ్వాలి అన్న జాబితాలో వికలాంగులున్న ఇల్లు కూడా ఉంది, పేదవాళ్లు కాకపోయినా ఇవ్వచ్చు అని. అంతవరకు బానే ఆలోచించారు. 2015లో కేంద్రంలో తాగునీరు, పారిశుధ్యం చూసే శాఖవాళ్లే వికలాంగుల ఇంట్లో లెట్రిన్ ఎలా కట్టాలో బొమ్మలేసి ఒక పుస్తకం కూడా వేశారు. నేను చూశాను, బావుంది, కుర్చీకి కన్నం పెట్టి కమోడ్ చెయ్యడం లాంటివి కూడా ఉన్నాయందులో. కానీ ఆ పుస్తకం మా మేస్త్రీ చేతికి రాలేదు. మేస్త్రీ చేతికొచ్చింది ఒకే ఒక డ్రాయింగు, అందరికీ అదే.

మా ఊరి పక్కన ఒక అప్ప, అంటే అక్కలాంటావిడ, ఉంది, రెండు కాళ్లూ పనిచెయ్యవు, చేతుల మీద జరుగుతుంది. ఆమె పేరు మీదే లెట్రిన్ కట్టారు. రాడ్డు వెయ్యమని నన్ను పిలిస్తే వెళ్లాను. టేపు పెట్టి కొలిచాను. రెండు మెట్లు, ఒక్కోటి తొమ్మిది అంగుళాలు. తలుపు రెండున్నర అడుగులన్నారు గానీ ఫ్రేమూ తలుపు మందం పోగా రెండడుగుల మూడంగుళాలు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల బేసిన్ మళ్లీ ఇంకో ఆరంగుళాల దిమ్మ మీద. అంటే ఆ అప్ప చేతుల మీద రెండు మెట్లెక్కి, లోపలికెళ్లి, తలుపు వెయ్యాలంటే పక్కకి జరగాలి, జరగడానికి చోటు లేదు, కాబట్టి తలుపు తీసే ఉంచాలి, పైగా ఆ చేతులే నేల మీద పెట్టాలి, ఆ నేల ఏటి నేల? లెట్రిన్ నేల. ఆ చేత్తోనే తర్వాత అన్నం తినాలి. ఎవరైనా ఆలోచించారా? నేను వెళ్లేసరికి లోపల కొబ్బరి డొక్కలు, పిడకలు పేర్చుంది. గోడ మీద మాత్రం ఆమె పేరు, నంబరు నీట్‌గా పెయింట్ చేసుంది. ఫొటో కూడా తీశారంట, అప్పని తలుపు ముందు కూర్చోబెట్టి, లొకేషన్‌తో సహా ఎక్కించీసారు. 2019 అక్టోబర్ 2న దేశంలో పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివని ప్రకటించేశారు. ఆ రోజు కూడా అప్ప చీకటి పడ్డాక జీడితోటలోకే వెళ్లింది.

నేను గవర్నమెంటుని తిట్టడానికి రాలేదు, రాడ్డెలా వెయ్యాలో చెప్పడానికొచ్చాను. మేస్త్రీలు కొంచెం ముందుకు రండి, సెల్‌ఫోన్లు తర్వాత చూసుకోవచ్చు.

తలుపు మూడడుగులు, బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయినవాడు తలుపుకి అడ్డంగా పడతాడు, లోపలికి తెరుచుకునే తలుపైతే బద్దలుకొట్టాలి. చక్రాల కుర్చీ తిరగాలంటే ఐదడుగుల చోటు కావాలి, అంత జాగా అందరికీ ఉండదు, ఒప్పుకుంటాను, అప్పుడు కనీసం తలుపుకి ఎదురుగా సీటొచ్చేలా కడితే వెనక్కొచ్చెయ్యచ్చు. సీటు ఎత్తు పద్దెనిమిది అంగుళాల దగ్గర ఉంటే కుర్చీ మీంచి సీటు మీదకి జరగడం తేలిక. ర్యాంపు ఒకటికి పన్నెండు, అంటే అరుగు అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండు అడుగులుండాలి. మనవాళ్లు నాలుగడుగుల్లో లాగించేస్తారు, అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. పన్నెండు అడుగులకి చోటు లేదంటారా, అయితే అరుగే తగ్గించండి, అడుగు ఎత్తు ఎందుకసలు?

రాడ్డు. ఒకటింపావు ఇంచు జీఐ పైపు, అదైతే పిడికిట్లో సరిగ్గా పడుతుంది. గోడకీ పైపుకీ మధ్య రెండంగుళాలు, అంతకంటే ఎక్కువ వదిలితే చెయ్యి జారి సందులో ఇరుక్కుంటుంది, మోచెయ్యి విరిగినవాళ్లని చూశాను. ఇప్పుడు అసలు సంగతి, మన లెట్రిన్ల గోడ నాలుగున్నర అంగుళాలు. దానికి మామూలు బోల్టు కొట్టి రాడ్డేస్తే వారం బావుంటుంది, మనిషి బరువంతా ఏలాడినరోజు ఇటికతో సహా ఊడొచ్చేస్తుంది. నేను మొదట్లో అలాగే వేశాను, చెప్పుకోడానికి సిగ్గే, ఒక తాతకి తల పగిలింది, నాలుగు కుట్లు. అప్పట్నుంచి గోడకి ఆరపార కన్నం పెట్టి బయటి వైపు ప్లేటేసి నట్టు బిగిస్తున్నాను. గోడ మరీ పుచ్చిపోతే రాడ్డుని నేలలోంచి లేపుతాను. సముద్రం వార ఊళ్లయితే ఉప్పు గాలికి వెల్డింగు దగ్గరే ముందు తుప్పు పడుతుంది, అక్కడ తుప్పు ఆపే రెడాక్సైడ్ పెయింటు రెండు చేతులు వెయ్యండి, పిసినారితనం చెయ్యకండి.

ప్లాస్టిక్ కుర్చీకి కన్నం కోసి బేసిన్ మీద పెట్టుకోవడం చాలామంది చేస్తున్నారు, తప్పు లేదు, చవక. కానీ తడి నేల మీద ఆ కాళ్లు విచ్చుకుపోతాయి, బరువు మనిషి కూర్చుంటే సడన్‌గా చతికిలపడుతుంది. కోసిన అంచు గీసుకుంటుంది కూడా, స్పర్శ లేనివాళ్లకి పుండయ్యేదాకా తెలీదు. అంచు చుట్టూ పాత సైకిల్ ట్యూబు చుట్టండి, కుర్చీ కాళ్లు నాలుగూ కింద ఒక చట్రంలో బిగించండి.

(మధ్యలో ఎవరో ఏదో అడిగారు, వినబడలేదు) ఆ, స్కూళ్ల గురించా? స్కూళ్లలో ర్యాంపులున్నాయి, నేను కాదనట్లేదు. ఎందుకున్నాయో తెలుసా, అక్కడ పోలింగ్ బూత్ పెడతారు. ఎలక్షన్ కమిషన్ ర్యాంపు ఉండాల్సిందే అంటుంది, కాబట్టి బూత్ పెట్టే గదికి ర్యాంపుంటుంది. అక్కడ చదువుకునే పిల్ల ఆ ర్యాంపు దిగి లెట్రిన్‌కి వెళ్లాలంటే ఇసక, రాళ్లు, మళ్లీ మెట్టు. ఓటుకి ర్యాంపుంది, ఒంటికి లేదు. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లొద్దు, టైమ్ అయిపోతుంది. కాలు లేనివాళ్ల గురించే మాట్లాడుతున్నాననుకోకండి, వికలాంగుల హక్కుల చట్టంలో ఇప్పుడు 21 రకాల వైకల్యాలున్నాయి, 1995 చట్టంలో ఏడే. చూపు లేనివాళ్లకి రాడ్డు కంటే తాడు ముఖ్యం. వీధరుగు స్తంభం నుంచి లెట్రిన్ తలుపు దాకా నడుం ఎత్తులో ఒక కొబ్బరి తాడు కట్టండి, ఎవర్నీ లేపకుండా రాత్రిపూట వెళ్లొస్తారు. మగ్గు, బకెట్ రోజూ ఒకే చోట పెట్టండి, కళ్లున్నవాళ్లు చేసే పెద్ద అన్యాయం బకెట్ జరపడం. చూపు మందగించినవాళ్లకైతే తెల్ల గోడ, తెల్ల టైలు, తెల్ల బేసిన్, ఎక్కడ ఏదుందో కనబడదు, మెట్టు అంచుకి, బేసిన్ చుట్టూ ముదురు రంగు పట్టీ వెయ్యండి చాలు. వినబడనివాళ్లు లోపలుంటే తలుపెంత బాదినా తెలీదు, బయట స్విచ్చుంటే లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించండి, పలుకుతారు.

ఇంకోటుంది, నేను మగాణ్ణి, ఈ ముక్క నేను చెప్పచ్చో లేదో అనుకున్నాను, మా ఆవిడ చెప్పి తీరాల్సిందే అంది. బుద్ధి ఎదగని ఆడపిల్లల నెలసరి. తల్లులు నా షాపుకొచ్చి స్టూలు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడుస్తారు, దీనికి గర్భసంచి తీయించేద్దామనుకుంటున్నాం అంటారు. 1994లో మహారాష్ట్రలో శిరూర్‌లో ప్రభుత్వ హాస్టల్లో ఉన్న అలాంటి ఆడపిల్లలకి పుణెలో ఆ ఆపరేషన్లు చేసేశారు, శుభ్రం చేసుకోలేరు అని చెప్పి, దేశమంతా గొడవైంది. ముప్పయ్యేళ్లయినా అదే మాట వింటున్నాను. నేర్పితే చాలామంది నేర్చుకుంటారమ్మా. బొమ్మకి ప్యాడ్ పెట్టి చూపించండి, ఎర్ర సంచిలో కొత్తవి, నల్ల సంచిలో వాడినవి, ఆ సంచులు ఎప్పుడూ ఒకే మేకుకి. టైము పడుతుంది, ఆర్నెల్లు పట్టచ్చు, ఏడాది పట్టచ్చు. ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే భవిత సెంటర్‌కి పంపిస్తే అక్కడ టీచర్లని కూడా ఇది నేర్పమని అడగండి, సిగ్గుపడకండి. కానీ నేర్చుకున్నాక కడుక్కోడానికి తలుపున్న గది, లోపలే కుళాయి ఉండాలి. పెరట్లో బకెట్ పెట్టి నేర్చుకో అంటే ఏం నేర్చుకుంటుంది?

నీళ్ల సంగతి. జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న చెప్పారు, ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్లు. వికలాంగుడికి దీనంత మేలు ఇంకోటి లేదు, బోరింగ్ దగ్గర దిమ్మెక్కి, ఆ హ్యాండిలు కొట్టి, బిందె మోసుకురావడం మావల్ల కాదు కదా. అందుకే కుళాయి ఎక్కడ బిగిస్తున్నారో నిలబడి చూడండి. పైపు ఎక్కడ ఆగితే అక్కడ, మురుక్కాలవ గట్టు మీద, జానెడు ఎత్తులో బిగించి వెళ్లిపోతారు. గుండ్రంగా తిప్పే కుళాయొద్దు, వేళ్లు వంకరపోయినవాళ్లు తిప్పలేరు, మోచేత్తో తోసే లీవరు కుళాయి పెట్టమనండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లున్నారా? చేతులెత్తండి. మీకు నీళ్ల గురించి నేను చెప్పక్కర్లేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు తెచ్చే ప్రాజెక్టు 2023 డిసెంబర్‌లో మొదలైంది, 700 కోట్లన్నారు. అయినా ఇంకా చాలా ఇళ్లల్లో క్యాన్లు కొనుక్కుంటున్నారు. ఇరవై లీటర్ల క్యాను ఇరవై కేజీలు, డయాలసిస్ చేయించుకుని వచ్చినాయన దాన్నెత్తి బిందెలో ఒంపలేడు. వంచుకునే స్టాండు పెట్టుకోండి, నేను చేస్తాను, ఇంకెవరైనా చేస్తారు. అక్కడే ఒక కుర్రాడున్నాడు, కొబ్బరి చెట్టు మీంచి పడి నడుం విరిగింది. పైపు పెట్టి యూరిన్ తీసుకోవాలి, రోజుకి నాలుగైదుసార్లు, ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు. వాడు తాగడు. తాగితే ఆరోసారి అమ్మని పిలవాలి. వాడి మంచం దగ్గర ఒక డ్రమ్ముకి కుళాయి పెట్టి, కింద బేసినూ ట్యూబూ బయటి కాలవకి పెట్టాం, అంతే, ఇప్పుడు అమ్మని పిలవడు. ఇన్ఫెక్షన్ పైకెక్కితే కిడ్నీకే పోతుంది, ఆ మాట ఆ ఊళ్లలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

తిత్లీ తుఫాను గుర్తుందా, 2018 అక్టోబర్ 11. పలాస వైపు తీరం దాటింది. కరెంటు స్తంభాలు మొత్తం పడిపోయాయి, మోటర్లు లేవు, ట్యాంకుల్లో నీళ్లు లేవు. నడవగలిగినవాళ్లు బోరింగ్ దగ్గర లైన్లో నిలబడ్డారు. మా దూరపు చుట్టం ఒకాయనకి పక్షవాతం, తుఫాను షెల్టర్‌కి మంచంతో సహా మోసుకెళ్లారు, మేడ మీద పెట్టారు, లెట్రిన్లు కింద. మూడ్రోజులు. అంతకంటే నేనేమీ చెప్పను, ఆయన కొడుకు ఇక్కడే ఉన్నాడు.

చట్టం గురించి తొందరగా చెప్పేస్తాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం పబ్లిక్ బిల్డింగులన్నీ రూల్స్ వచ్చిన ఐదేళ్లలో మార్చాలి, రూల్స్ 2017లో వచ్చాయి, అంటే 2022తో గడువైపోయింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, వీలైతే చెయ్యండి అన్నట్టు రాసుకుంటే కుదరదు, తప్పనిసరి అని రూల్స్ రాయండి అని కేంద్రానికి చెప్పింది. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్తే ఈ రెండూ కాగితమ్మీద రాసి ఇవ్వండి. మెట్లెక్కలేకపోతే కింద నుంచే ఇవ్వండి, వాళ్లే దిగొస్తారు. (నవ్వులు)

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక మేస్త్రీ: ఇవన్నీ ఎస్టిమేట్‌లో ఉండవు కదండీ, డబ్బులెవరిస్తారు?)

కరెక్టే. కానీ అన్నయ్యా, తలుపు బయటికి తెరవడానికి ఎంతవుతుంది? ఏమీ అవ్వదు, బందులు ఇటేసేది అటేస్తావు. అరుగు తగ్గిస్తే ఇటికలు మిగుల్తాయి. తలుపు వెడల్పు ఆరంగుళాలు పెంచితే కొంచెం ఎక్కువవుతుంది, రాడ్డుకి ఆరడుగుల పైపు, నాలుగు బోల్టులు, రెండు ప్లేట్లు. కట్టేటప్పుడైతే ఇదంతా కలిపి పెద్ద ఖర్చేమీ కాదు. కట్టేశాక బద్దలుకొట్టి మళ్లీ కట్టాలంటే అప్పుడు చెప్పు డబ్బులెవరిస్తారని.

(ఒక తల్లి: మా బాబుకి పద్నాలుగేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, ఇప్పటిదాకా నేనే ఎత్తుకుని తీసుకెళ్తున్నాను, ఇప్పుడు నా నడుం పోయింది, ఏటి చెయ్యమంటారు?)

అమ్మా, ముందు వాణ్ణి ఎత్తడం తగ్గించాలి. మంచం ఎత్తు, స్టూలు ఎత్తు ఒకటే ఉంటే మధ్యలో నున్నటి పలకేసి జరపచ్చు, ఎత్తక్కర్లేదు. స్టూలుకి వెనక ఆన్చుకునేది, ముందు ఒక బెల్టు, కాళ్ల మధ్య చిన్న దిమ్మ కావాలి, లేకపోతే కాళ్లు కత్తెరలా పడిపోతాయి. అది రెడీమేడ్‌గా కొంటే సరిపోదు, వాడి కొలత వాడిదే. టేపు లేకపోతే దారం తీసుకోండి. వాణ్ణి కూర్చోబెట్టి మోకాలి వెనక నుంచి మడమ దాకా ఒక ముడి, పిర్ర వెనక నుంచి మోకాలి దాకా ఇంకో ముడి, చంక కింద నుంచి సీటు దాకా ఇంకోటి. ఎక్కడ ఎత్తితే నొప్పి, ఎటు వాలితే హాయిగా ఉందో వాణ్ణే అడగండి, మాట రాకపోయినా మొహంలో చెప్తాడు. ఆ దారం పట్టుకుని షాపుకి రండి. శుక్రవారం తప్ప ఎప్పుడైనా ఉంటాను.